తుప్పు రహిత పట్టణం

కలువలంక పురపాలక సంఘంలో తుప్పు ఎవరి పరిధిలోకి వస్తుందన్న సందేహం ఏనాడూ ఎవరికీ రాలేదు. అది మంచినీటి గొట్టాల విభాగానిది. ఊళ్ళో ఎక్కడ ఇనుము ఎర్రబడినా ఆ ఎరుపును చూసే హక్కు, దాని మీద రంగు పూసే బాధ్యత, పూసినట్టు బిల్లు పెట్టే అధికారం ఆ విభాగం ఏఈ త్రినాథరావు గారివే. అందుచేత, మధుమేహ దినోత్సవం నాడు మున్సిపల్ షుగరు క్లినిక్కు డాక్టర్ ఫర్హానా టౌను హాల్లో మైకు ముందు నిలబడి నోరు జారినప్పుడే, జరగబోయేది ఊరివాళ్ళు ఊహించి ఉండాల్సింది.

నోరు జారిందంటే అబద్ధం చెప్పిందని కాదు. నిజమే చెప్పింది. అదీ అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. ఆఫీసుల్లో అంతకంటే పెద్ద నేరం లేదు.

"పెనం మీద అట్టు మరిచిపోతే ఏమవుతుందండీ?" అని మొదలుపెట్టింది డాక్టరు. "ముందు ఎర్రబడుతుంది, తరవాత నల్లబడుతుంది. అందులో ఉన్న చక్కెరా మాంసకృత్తులూ వేడికి ఒకదానికొకటి అతుక్కుని అలా మారిపోతాయి. రక్తంలో చక్కెర ఎక్కువుంటే మన ఒంట్లోనూ ఆ పనే జరుగుతుంది. పొయ్యి ఉండదు, మంట ఉండదు, ఏళ్ళ తరబడి నిదానంగా జరుగుతుంది. అలా అతుక్కుని పాడైన పదార్థాలు రక్తనాళాల్ని బిరుసు చేస్తాయి, కళ్ళనీ మూత్రపిండాల్నీ కాళ్ళ నరాల్నీ దెబ్బతీస్తాయి. దీనికి తోడు ఇంకోటుంది. ప్రాణం నిలిపే ఆక్సిజన్ నుంచే కొన్ని తుంటరి అణువులు పుట్టి కణాల్ని కొరుక్కు తింటుంటాయి. ఇనుము తుప్పు పట్టడం లాంటిదనుకోండి. షుగరు పెరిగితే ఈ తుప్పు పెరుగుతుంది. తుప్పు పెరిగితే ఆ అతుక్కోవడం ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. అందుకని మాత్రలు మానకండి. పాదాలు రోజూ చూసుకోండి."

వెనక వరసలో కూర్చున్న పల్లాలమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "విన్నారా? పాదాలు చూసుకోమంటంది."

"పొద్దున్నే చూసుకున్నానే. రెండూ ఉన్నాయి" అన్నాడు సత్తిరాజు.

సత్తిరాజు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. షుగరు సర్వీసులో ఉండగానే వచ్చింది. కాళ్ళు మొద్దుబారి చాలాకాలమైంది. ఈ మధ్య ఎడమ పాదం బొటనవేలి కింద చిన్న పుండు లేచింది. నొప్పి లేదు గనక అది పుండే కాదని ఆయన వాదన. నొప్పి లేదు గనకే పల్లాలమ్మకి భయం. ఆమెకి మొదటినుంచీ వెళ్ళే బండ్లంటే భయం. చిన్నప్పుడు రేవులో లాంచీ ఎక్కిన అన్న తిరిగి రాలేదు. పెళ్ళయ్యాక తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరిన మొగుణ్ణి చూస్తూ, బస్సు మోత వినపడినంతసేపూ గుమ్మంలోనే నిలబడేది. ఆయన రిటైరైన రోజు ఊరంతా ఆయనకి దండలు వేస్తే, ఆమె మాత్రం బస్టాండుకి వెనక్కి తిరిగి దండం పెట్టుకుంది. ఇక ఈ మనిషి ఎక్కడికీ వెళ్ళడు.

అంతవరకూ వేదిక మీద కునుకు తీస్తున్న కమిషనర్ గారు తుప్పు అన్న మాటకి మేలుకున్నారు. మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! తుప్పు! ఇన్నాళ్ళూ మనం గేట్ల తుప్పు చూశాం, గొట్టాల తుప్పు చూశాం. మానవ వనరుల తుప్పును నిర్లక్ష్యం చేశాం. ఈ శుభ సందర్భమున నేను ప్రకటిస్తున్నాను. వచ్చే మధుమేహ దినోత్సవం నాటికి కలువలంకను దేశంలోనే మొట్టమొదటి తుప్పు రహిత పట్టణంగా తీర్చిదిద్దెదము!"

హాలు చప్పట్లతో మారుమోగింది. సత్తిరాజు కూడా కొట్టాడు. చప్పట్లు కొడితే చేతుల్లో రక్తం ఆడుతుందని అంతకుముందే డాక్టరు చెప్పింది.

మర్నాడు ఫైలు కదిలింది. ఆరోగ్య విభాగం సూపరింటెండెంటు దాని మీద ఇలా రాశాడు: "ఆక్సీకరణము అనునది ఇనుమునందును మానవునియందును ఒకే రసాయన చర్య అయి ఉన్నదని వైద్యాధికారిణి బహిరంగముగా అంగీకరించియున్నారు. ఒకే చర్యను రెండు విభాగములు చూచుట ఆడిట్ అభ్యంతరమునకు దారితీయును. తుప్పు పద్దు గొట్టముల విభాగమున కలదు. కావున మధుమేహ రోగులను తత్సంబంధ నిధులతో సహా సదరు విభాగమునకు బదలాయించవచ్చును."

డాక్టర్ ఫర్హానా కమిషనర్ గదిలోకి పరిగెత్తింది. "సార్, నేను ఉదాహరణకి చెప్పాను!"

"ఉత్తర్వు వెలువడక ముందు వరకే ఉదాహరణమ్మా" అన్నారు కమిషనర్ గారు అనునయంగా. "వెలువడిన తరవాత అది విధానం."

ఆమె ఇంకా ఏదో అనబోతే, ఆమె సేవలు అత్యవసరంగా కావలసిన చోటు ఒకటి కనిపెట్టారు. ఊళ్ళో వీధికుక్కల గణన జరుగుతోంది. డాక్టరుని అక్కడికి డిప్యుటేషన్ మీద పంపారు.

మంగళవారం షుగరు క్లినిక్కుకి వెళ్ళిన పల్లాలమ్మ దంపతులకి గది అదే గాని బోర్డు మారి కనిపించింది. "తుప్పు నివారణ ఉప విభాగము (మానవ గొట్టములు)." డాక్టరు కుర్చీలో త్రినాథరావు గారు కూర్చుని ఉన్నారు. పక్కన ఫిట్టరు గవర్రాజు సుత్తీ, టేపూ, రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

త్రినాథరావు గారిది ఎవరికీ చెడు తలపెట్టే స్వభావం కాదు. ఏ గొట్టం ఏ వీధి కింద ఎటు వంగిందో ఆయనకి కంఠతా వచ్చు. మనుషుల గురించి మాత్రం, వాళ్ళు కుళాయి పన్ను కడతారని తప్ప పెద్దగా తెలియదు. తెలియనిచోట ఆయన గొట్టాల మాన్యువల్ చూసుకుంటారు. అందులో లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

"పేరు?"

"కొప్పిశెట్టి సత్తిరాజండి."

"ఎప్పుడు వేశారు?"

"ఏది వేశారండి?"

"మిమ్మల్నేనండి. వేసిన సంవత్సరం."

"అది మా అమ్మానాన్నా నాతో చెప్పలేదండి. పుట్టింది మాత్రం పెద్ద గాలివాన వచ్చిన ఏడండి."

త్రినాథరావు గారు "తుపాను సహాయ నిధుల కింద" అని రాసుకున్నారు. గవర్రాజు టేపు తీసి సత్తిరాజు పొట్ట చుట్టూ తిప్పి వ్యాసం లెక్కగట్టాడు.

"లీకేజీ ఏమైనా ఉందా?"

దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పల్లాలమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రిళ్ళు పదే పదే లేత్తారండి. షుగరోళ్ళకి మామూలేనంట. అదేనాండి?"

"రాత్రి పూట లీకేజీ" అన్నారు త్రినాథరావు గారు, కలం ఆపి. "పగలు లేకుండా రాత్రే అంటే నీటి చౌర్యం కోణం కూడా పరిశీలించాలి."

తరవాత గవర్రాజు సుత్తితో సత్తిరాజు మోకాలి కింద ఎముక మీద టంగుమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"తెలుస్తోందా?" అడిగారు ఏఈ గారు.

"దెబ్బ తెలీలేదండి. మోత వినపడింది."

"బోలుగా ఉంది సార్" అన్నాడు గవర్రాజు.

పల్లాలమ్మ ఆగలేక మొగుడి ఎడమ పాదం ఎత్తి బల్ల అంచున పెట్టింది. "అవన్నీ తరవాత చూద్దురు గాని, బాబూ, ముందు ఈ పుండు చూడండి. డాక్టరమ్మ ఉన్నప్పుడు శుభ్రంగా కడిగి కట్టేది."

త్రినాథరావు గారు పుండుని చూశారు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. నడిరోడ్డు కింద మెయిన్ లైను చిల్లు పడితే ఎలా ఉంటుందో అలా. "గవర్రాజూ, రెడాక్సైడు ఒక కోటింగ్ వెయ్యి."

"అయ్యో అయ్యో! పుండు మీద పెయింటేంటండీ!"

"మున్సిపాలిటీ గేట్లన్నిటికీ ఇదే వేస్తున్నామమ్మా. ఒక్క గేటూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు."

"మరి మాత్రలండీ?"

"ఆరోగ్య విభాగం స్టాకు వెనక్కి పంపేశాం. దాని బదులు రెండు డ్రమ్ముల రంగు వచ్చింది."

ఇంటికి వచ్చాక పల్లాలమ్మ కొబ్బరినూనెలో గుడ్డ ముంచి ఆ రంగంతా తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. సత్తిరాజు గోడకి ఆనుకుని, "ఊరుకోవే. బస్సుకి కొత్త రంగేత్తే ఎఫ్‌సీ పాసైనట్టే లెక్క" అన్నాడు. మాత్రలు బజార్లో కొన్నారు. పుండుకి మాత్రం ఆమెకి తెలిసిన వైద్యం కడగడం ఒక్కటే.

ఊరు ఈలోగా ఉత్సాహంతో ఊగిపోయింది. కొత్త విధానం ఏదైనా మొదట తనని కాక పక్కింటివాణ్ణి ముట్టుకుంటుందని కలువలంక వాళ్ళకి ధీమా. వార్డుకో తోముడు దళం ఏర్పడింది. రాగి బిందె చింతపండుతో తళతళలాడినప్పుడు మనిషెందుకు మెరవడని తోముడు దళం వాళ్ళు షుగరు ఉన్నవాళ్ళని అరుగుల మీద కూర్చోబెట్టి చింతపండు పులుసూ కొబ్బరి పీచూ పెట్టి తోమారు. పెళ్ళి సంబంధాలకి వచ్చినవాళ్ళు జాతకాలు పక్కన పెట్టి తుప్పు లేదన్న ధ్రువపత్రం అడిగారు. ఆక్సిజన్ తోనే తుప్పు పుడుతుందని ఎవరో చెప్పగా, మూడో వార్డు కౌన్సిలరు ఊపిరి తగ్గించి పీల్చవలసిందిగా ప్రజలకి కరపత్రం వేశాడు. క్లినిక్కు బీరువాలో ఉండాల్సిన రక్తపరీక్ష పట్టీలు మాత్రం మళ్ళీ రాలేదు. తుప్పు కంటికి కనపడుతుంది కదా, రక్తంతో పనేమిటని రిమార్కు రాసి ఆ కొనుగోలు కొట్టేశారు.

కమిషనర్ గారికీ షుగరుంది. మీటింగు మీటింగుకీ నాలుగు పూతరేకులు తింటారని అటెండర్లకి తెలుసు. ఆయన్ని సుత్తితో ఎందుకు కొట్టలేదని ఒక విలేకరి అడిగితే త్రినాథరావు గారు నిజాయితీగా జవాబు చెప్పారు. "ఆయన వాల్వండి. వాల్వులకి మాన్యువల్ వేరే ఉంది. అది మా దగ్గర లేదు."

వర్షాకాలం పోయే ముందు రెండో ఉత్తర్వు వచ్చింది. పల్లాలమ్మ తలుపు మీద అతికించిన కాగితాన్ని కూడబలుక్కుని చదివింది.

"తుప్పు పట్టిన గొట్టమును మంచి గొట్టముతో కలిపి ఉంచినచో రెండవదియు చెడును. మీ గృహమందలి సత్తిరాజు అను సి గ్రేడు గొట్టము సేవకు అనర్హమని తేలినది. పల్లాలమ్మ అను గొట్టము మంచి స్థితిలో ఉన్నది. కావున సదరు జాయింటు విప్పబడును. అనర్హ సామగ్రి స్టోర్ యార్డుకు తరలించబడును."

ఆమె రెండోసారి చదవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకి వెళ్ళింది.

"షుగరు అంటురోగం కాదండి, ఏఈ గారూ. డాక్టరమ్మే చెప్పింది."

"రోగం అంటదమ్మా. తుప్పు అంటుతుంది. మా అనుభవం." త్రినాథరావు గారు మాన్యువల్ తెరిచి ఆమె వైపు తిప్పారు. "ఇంతకీ మీ జాయింటుకి మున్సిపల్ అనుమతి ఉందా?"

"మా నాన్న అనుమతి ఉందండి."

"అంటే అనధికార జాయింటు."

"అయినా, బాబూ, ఇన్నేళ్ళు కలిసే ఉన్నాం గదా. అంటేదయితే నాకీపాటికి అంటదేంటండీ?"

త్రినాథరావు గారు మాన్యువల్ అటూ ఇటూ తిప్పారు. చివరికి నిట్టూర్చి, "దీని మీద గొట్టాలు ఎప్పుడూ అడగలేదమ్మా" అన్నారు.

శుక్రవారం ట్రాక్టరు వచ్చింది. అప్పటికే అందులో ఆరేడుగురు ముసలివాళ్ళు, రెండు పగిలిన గొట్టాలు, ఒక మ్యాన్‌హోల్ మూత ఉన్నాయి. గవర్రాజు సత్తిరాజు చొక్కా వీపు మీద తెల్లరంగుతో నంబరు వేశాడు. పక్కింటి మేరీరత్నం తన మొగుడు ఏసుదాసుని ఎక్కిస్తూ, ట్రాక్టరు డ్రైవర్ని ఏడు తరాలు దిగి తిడుతోంది. పల్లాలమ్మకి తిట్టడం రాలేదు. క్యారేజీ చేతికిచ్చి, "పుండు తడవనియ్యకండి. రోజూ చూసుకోండి" అంది.

"ఊరి చివర వాటరు టాంకు దగ్గరకేనే బాబూ. లాంగ్ సర్వీసేం కాదు" అన్నాడు సత్తిరాజు. అన్నాడే గాని ఆమె చెయ్యి వదలలేదు. ట్రాక్టరే వదిలించింది.

యార్డు గేటు దగ్గరికి ఆమె రోజూ అన్నం తీసుకెళ్ళేది. అనర్హ సామగ్రికి ఆహారం పద్దు లేదని వాచ్‌మన్ మొదట్లో ఆపాడు. తన వాటా పచ్చడి చేరడం మొదలయ్యాక ఆపలేదు. రెండోవారంలో సత్తిరాజు గేటు దాకా మామూలుగా నడిచి రాలేదు. కుంటుతూ వచ్చి చువ్వల్లోంచి పాదం చూపించాడు. బొటనవేలు నల్లబడింది. పక్క వేలూ రంగు మారుతోంది. వాసన గేటు ఇవతలకి వచ్చింది.

"నొప్పి లేదే" అన్నాడు. ఈసారి ఆ మాట ఆయనకే నచ్చలేదు.

పల్లాలమ్మ వీధులన్నీ గాలించి, కోళ్ళఫారం వెనక కుక్కల్ని లెక్కిస్తున్న డాక్టర్ ఫర్హానాని పట్టుకుంది. డాక్టరు చేతిలో కాగితాలు అక్కడే పారేసి స్కూటరు తీసింది. గేటు చువ్వల మధ్య నుంచే పాదం చూసి, మొహం మార్చుకుని, "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలమ్మా. ఒకటి రెండు రోజుల్లోనే. ఆలస్యమైతే విషం పైకి పాకుతుంది, కాలు తీసెయ్యాలి. అదీ దాటితే…" అని ఆగింది.

ఇద్దరూ త్రినాథరావు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన సాంతం విన్నారు. "అనర్హమని తేలిన సామగ్రికి మరమ్మతు చెయ్యకూడదు డాక్టరుగారూ. చేస్తే అనర్హమని ఎందుకు రాశావని అడుగుతారు."

"వదిలెయ్యండి, మేం తీసుకుపోతాం!" అంది పల్లాలమ్మ.

"యార్డులోంచి సామగ్రిని ఊరికే ఇచ్చేస్తే నా ఉద్యోగం పోతుందమ్మా." ఆయన పల్లాలమ్మ మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూశారు. తరవాత గొంతు తగ్గించారు. "లోపలికెళ్ళిన సామగ్రి బయటికి రావడానికి దారి ఒక్కటే. వేలం. రేపే ఉంది. మీరు ఆయన్ని పాడుకోవచ్చు. భార్యలు పాడకూడదని ఎక్కడా లేదు."

పల్లాలమ్మ అప్పటికే గుమ్మం దాటింది. ఆమెకి వేలం పాట కొత్త కాదు. కలువలంకలో చీటీ కట్టని ఆడది లేదు. నెలనెలా పాటల్లో కూర్చుని, ఎదుటి మనిషి అవసరం ఎంతో మొహం చూసి పసిగట్టి, ఎంతవరకూ పాడాలో ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు. ఆ సాయంత్రం మేరీరత్నం ఇంటి వరండాలో యార్డు భార్యలందరూ చేరారు. పోపుడబ్బాలు, కొంగుముళ్ళు, చెవి దిద్దులు బయటికి వచ్చాయి.

మర్నాడు యార్డులో షామియానా వేశారు. కమిషనర్ గారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. ఆ మధ్యాహ్నమే జిల్లా కేంద్రంలో ఉత్తమ పట్టణ పురస్కారం అందుకోవాలి. పాత ఇనుము కొట్టు బుల్లబ్బాయి లారీ, కాటా తెచ్చుకున్నాడు. ఒక పక్క వంగిన గొట్టాలు, మూతలు పేర్చారు. రెండో పక్క ముసలివాళ్ళు వరసగా కూర్చున్నారు. సత్తిరాజు కాలు చాపుకుని గొట్టానికి ఆనుకున్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఒక్కొక్కటీ ఎందుకు?" అన్నారు కమిషనర్ గారు. "యార్డు మొత్తం ఒకే లాటు. బుల్లబ్బాయ్, కిలోకి ఎంత ఇస్తావు?"

బుల్లబ్బాయి అలవాటు మీద రేటు చెప్పేశాడు. చెప్పాక గాని ముసలివాళ్ళ వంక చూడలేదు. చూసి నాలిక్కరుచుకున్నాడు.

"ఏరా బుల్లబ్బాయ్" అన్నాడు సత్తిరాజు నీరసంగా, "నన్ను కరిగించి ఏం చేత్తావురా? బకెట్టు కూడా రాదు."

"ఊరుకో బాబాయ్, నోరు జారిందంతే!"

"పాట ఖాయం" అన్నారు కమిషనర్ గారు లేవబోతూ.

లారీ ఇంజను అప్పుడే ఆన్ చేశారో, తన చెవుల్లోనే మోగుతోందో పల్లాలమ్మకి తెలియలేదు. జనంలోంచి ముందుకి వచ్చింది. కమిషనర్ని కాదు, త్రినాథరావు గారినే చూసి అడిగింది. "మీ పుస్తకంలో ఏముందండీ?"

త్రినాథరావు గారు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ పై అధికారి మాటకి ఎదురు చెప్పింది లేదు. మాన్యువల్ మాటకీ ఎదురు చెప్పింది లేదు. ఆ క్షణంలో రెండూ రెండు దారులు పట్టాయి. ఆయన చెమట తుడుచుకున్నారు. "సార్, భిన్న గ్రేడుల సామగ్రిని ఒకే లాటుగా అమ్మరాదు. ఆడిట్ వస్తుంది."

ఆడిట్ అన్న మాటకి కమిషనర్ గారు మళ్ళీ కూర్చున్నారు. "సరే, త్వరగా కానివ్వండి."

"లాటుకి కనీసం ముగ్గురు పాటదారులుండాలి. లేకపోతే పాట రద్దు" అని చదివారు త్రినాథరావు గారు.

మూతలూ వంగిన గొట్టాలూ అయిపోయాక గవర్రాజు కేక పెట్టాడు. "సత్తిరాజు! కాస్ట్ ఐరన్! సి గ్రేడు! ఎడమ చివర దెబ్బతిన్నది!"

పల్లాలమ్మ పాడింది. ఆమె మీద మేరీరత్నం పాడింది. మూడో పాట కోసం అందరూ బుల్లబ్బాయి వంక చూశారు. అతను తల దించుకుని, "పాడతన్నాను పిన్నీ, నువ్వు పైకి పాడుకో" అని పాటని కొద్దిగా పెంచాడు. పల్లాలమ్మ పెంచింది. వెంటనే మేరీరత్నం ఇంకా పెంచింది. పల్లాలమ్మ మళ్ళీ పెంచింది. మేరీరత్నం కొంగు బిగించి మళ్ళీ పెంచింది.

"ఒకటోసారి…" అన్నాడు గవర్రాజు.

"మేరీ! నీకేమైనా పిచ్చా? అది మా ఆయనే!"

"ఓలమ్మో! ఊపులో చీటీ అనుకున్నాను వదినా!" మేరీరత్నం రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏసుదాసూ, నీ పెళ్ళానికి నేనే నచ్చాన్రోయ్" అన్నాడు సత్తిరాజు, కళ్ళు మూసుకునే. ముసలివాళ్ళంతా నవ్వారు. పల్లాలమ్మ నవ్వలేదు. ఉన్నదంతా ఒక్క మాటలో పాడేసింది. మూడోసారి దెబ్బ పడేవరకూ ఊపిరి తియ్యలేదు. మూడో వార్డు కౌన్సిలరు కోరుకున్నట్టే.

డబ్బు కట్టించుకుని, పాత సామగ్రి మీద పన్ను కలిపి, రసీదు మీద గుండ్రటి ముద్ర గుద్ది ఇచ్చారు. బుల్లబ్బాయి ఇనుము దింపేసి, సత్తిరాజుని ముందు సీటులో పడుకోబెట్టి లారీ తిప్పాడు. డాక్టర్ ఫర్హానా స్కూటరు మీద ముందు సాగింది. వెనక యార్డులో మేరీరత్నం, మిగతా భార్యలూ తమ తమ వాళ్ళని పాడుకుంటున్నారు.

అదే సమయానికి జిల్లా కేంద్రంలో కమిషనర్ గారు శాలువా కప్పించుకుంటున్నారు. కలువలంక రికార్డుల్లో మధుమేహులు సున్నా. ఉన్నవాళ్ళంతా నిబంధనల ప్రకారం విక్రయించబడ్డారు. పురస్కారం అందుకుంటూ ఆయన, వచ్చే ఏడాది మతిమరుపు మీద దృష్టి పెడతామనీ, ఆ ఫైలు ఇప్పటికే పోయిన వస్తువుల విభాగానికి పంపామనీ ప్రకటించారు.

పెద్దాసుపత్రిలో సర్జను పాదం చూశాడు. "రెండు వేళ్ళు తీసెయ్యాలి. పాదం దక్కుతుంది. ఇంకో వారం ఆగుంటే మోకాలి దాకా పోయేది. సంతకం ఎవరు పెడతారు?"

"నేనండి" అంది పల్లాలమ్మ.

కంప్యూటరు ముందున్న నర్సు మీటలు నొక్కి తెర వంక చూసి తల అడ్డంగా ఊపింది. "మీరు ఆయన భార్య అని రావట్లేదమ్మా. సంబంధం తొలగించబడింది, కలువలంక మున్సిపాలిటీ అని వస్తోంది. రక్తసంబంధీకులు ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఆపరేషన్‌కి తీసుకెళ్ళడం కుదరదు."

స్ట్రెచర్ మీద సత్తిరాజు ఆమె వేళ్ళు పట్టుకుని ఉన్నాడు. లోపలి తలుపు సగం తెరిచి ఉంది. పల్లాలమ్మ రెండో చేత్తో జాకెట్లోంచి మడిచిన రసీదు తీసి నర్సు ముందు పరిచింది.

"ఇదేంటమ్మా?"

"నా వస్తువేనండి ఈయన. పాడుకున్నాను."

నర్సు రసీదు చదివింది. ముద్ర చూసింది. మళ్ళీ చదివింది. చుట్టూ చూసి, సంబంధం అన్న గడిలో "సొంతదారు" అని కొట్టింది. కంప్యూటరు అభ్యంతరం చెప్పలేదు.

"సంతకం పెట్టండి. లోపలికి తీసుకెళ్తాం. మీరిక్కడే ఉండాలి."

పల్లాలమ్మ సంతకం పెట్టింది గాని స్ట్రెచర్ వదల్లేదు. "తీసుకెళ్ళండి. కానీ అమ్మా, అడుగున ఉన్న ఆ చిన్నక్షరాలు కూడా చదవండి. పైకే చదవండి, ఈయనా వినాలి."

నర్సు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఒకసారి విక్రయించిన సామగ్రి ఏ పరిస్థితుల్లోనూ, ఏ అధికారి చేతనూ, తిరిగి తీసుకోబడదు."

"ఆఁ" అంది పల్లాలమ్మ, అప్పుడు చెయ్యి వదిలి.